పూజకు పిలక, పులుసుకు దుంప

*పోలాల అమావాస్య వస్తోందంటే నగరమంతా కంద మొక్క కోసం వెతుకుతుంది. మర్నాటికి ఆ మొక్క చెత్తబుట్టలో ఉంటుంది. పారేయకుండా ఓ బస్తాలో పెట్టి చూస్తే ఏమవుతుంది?*

తెల్లారి ఆరు కాలేదు. కూకట్‌పల్లి రైతుబజారు గేటు పక్కన తడి గోనెపట్టా మీద కంద మొక్కలు కట్టలు కట్టలుగా పడుకుని ఉన్నాయి. ఒక్కోటీ మూరెడు పొడవు. పాము ఒంటి మీద ఉన్నట్టు మచ్చల కాడ, పైన చిన్న గొడుగు, అడుగున మట్టి వదలని ఉసిరికాయంత దుంప. చుట్టూ పది పదిహేనుమంది ఆడవాళ్లు, మధ్యలో నేనొక్కణ్ణే మగవాణ్ణి.

"పిలకలున్నది తియ్యమ్మాయ్. ఇది ఒంటిది. ఒంటిది పూజకెలా పనికొస్తుంది?" అంటున్నారు నా ముందున్న పెద్దావిడ.

"అన్నిటికీ ఎక్కడొస్తాయమ్మా? రాత్రి బస్సులో ఎగిరెగిరి పడి సగం రాలిపోయాయి" అంటూనే అమ్మే ఆమె కట్ట విప్పి వెతుకుతోంది. నా వంతు వచ్చింది. "నీకెన్ని బాబూ?"

ఎన్నో నాకూ తెలీదు. ఫోన్లో అమ్మనడిగాను. "తల్లీ పిల్లలూ ఉన్నది ఒక్కటి చాలు. ఆకు చిరక్కుండా చూసుకోరా. బైకు మీద ఎగరేసుకు రాకు" అంది.

ఇది రెండేళ్ల కిందటి సంగతి. ఏటా శ్రావణం చివరి వారంలో హైదరాబాదు, బెంగళూరు తెలుగు ఇళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: కంద మొక్క ఎక్కడ దొరుకుతుంది? దొరకని వాళ్లు పసుపుతో గోడ మీద బొమ్మ గీస్తారు. అమెరికాలో ఉన్నవాళ్లు ప్రింటు తీసుకుంటారు. దొరికినవాళ్లు తోరం కట్టి, కుంకుమ పెట్టి, గారెలూ బూరెలూ నైవేద్యం పెట్టి, పిల్లల నెత్తిన అక్షింతలు వేస్తారు. ఆ మర్నాడు మా అపార్ట్‌మెంటు లిఫ్టు పక్కన చెత్తడబ్బాలో మూడు కంద మొక్కలు కనిపించాయి. పసుపుకొమ్ము దారాలు వాటికింకా అలాగే ఉన్నాయి. దుంపలు పచ్చిగానే ఉన్నాయి.

నిన్న దేవత, ఇవాళ చెత్త. నిమజ్జనం చేద్దామంటే కాలవ లేదు, పాతుదామంటే పెరడు లేదు. తప్పు ఎవరిదని అనగలం? నేను మాత్రం మా మొక్కను బాల్కనీలోకి తీసుకెళ్లాను. భక్తి కంటే బద్ధకమే కారణం. చెత్తబండి అప్పటికే వెళ్లిపోయింది.

పోలేరమ్మ కందలో ఎందుకు కూర్చుంది?

శ్రావణ అమావాస్య నాడు గోదావరి, కృష్ణా జిల్లాల ఇళ్లలో కందే పోలేరమ్మ. అదే రోజున ఆదిలాబాదు వైపు రైతులు ఎడ్ల కొమ్ములకు రంగులు వేసి ఊరేగిస్తారు. మహారాష్ట్రలో పోళా కూడా ఎడ్ల పండుగే. ఒకే అమావాస్యకు ఒకవైపు ఎద్దు, ఇంకోవైపు దుంప.

వ్రతకథ పెద్దవాళ్లందరికీ తెలిసిందే. ఏడుగురు తోడికోడళ్లలో చిన్నామెకు ఏటా ఈ రోజే బిడ్డ పోతుంది. ఆమె వల్ల అందరి పూజా ఆగిపోతుంది. దెప్పిపొడుపులు పడలేక ఒక ఏడాది ఆమె బిడ్డ పోయిన సంగతి దాచి, పూజ అయ్యేదాకా గుండె రాయి చేసుకుని, రాత్రి శవాన్ని భుజానేసుకుని ఊరి బయట పోలేరమ్మ గుడికి పోతుంది. అమ్మవారు బిడ్డల్ని బతికించి ఇస్తుంది. పసిపిల్లల చావు ఇంటింటా ఉన్న కాలం నాటి కథ ఇది. ఆ భయంలోంచి పుట్టిన పూజకు కందనే ఎంచుకోవడం ఊరికే జరిగిందని నాకనిపించదు. నాటు కంద దుంపను పెకిలించి చూస్తే, చుట్టూ చిన్న చిన్న బుడిపెలు అంటిపెట్టుకుని ఉంటాయి. ఒక్కోటీ విడిపోయి ఒక్కో మొక్క అవుతుంది. పెరట్లో పైమొక్క పూర్తిగా చచ్చినా, మళ్లీ తొలకరికి మట్టి పగలదీసుకుని లేస్తుంది. బిడ్డలు దక్కాలని కోరుకునే తల్లికి ఇంతకంటే నమ్మకమిచ్చే మొక్క ఆ పెరట్లో ఇంకేముంటుంది?

ఒక్క ఆకు మొక్క

మనం కాండం అనుకునేది కాండం కాదు. కొమ్మలనుకునేవి కొమ్మలు కావు. నేలలోంచి పైకి లేచిన ఆ మచ్చల కాడా, మూడు పాయలై విచ్చుకున్న గొడుగూ, దాని అంచున వేలాడే పత్రాలూ అన్నీ కలిపి ఒకే ఒక్క ఆకు. నిలువెత్తు పెరిగినా ఒక్క ఆకే. అందుకే ఆ ఆకు చిరిగినా, కాడ విరిగినా కందకు పెద్ద దెబ్బ. దుంపకు వంట చేసిపెట్టే చెయ్యి అదొక్కటే.

మట్టి కింద ఇంకో వింత. మనం నాటిన ముక్క పెరిగి పెద్దదవదు. అది తనలో ఉన్నదంతా మొలకకు పోసి ఏడాది తిరిగేసరికి ముడుచుకుపోతుంది. దాని నెత్తి మీద కొత్త దుంప ఊరుతుంది. జాగ్రత్తగా తవ్వితే కొత్త దుంప అడుగున పాతది ఎండిన పెంకులా అంటుకుని కనిపిస్తుంది.

గజేంద్రుడికి పిల్లల్లేరు

రాజమండ్రికి ఎదురుగా, గోదావరి అవతలి గట్టున కొవ్వూరు. అక్కడి ఉద్యాన పరిశోధన కేంద్రం చుట్టుపక్కల పొలాల్లోని కందల్లోంచి ఒకదాన్ని ఏరి, 1991లో 'గజేంద్ర' అని పేరు పెట్టి విడుదల చేసింది. ఏనుగు పాదంలాంటి దుంపకు అంతకంటే సరైన పేరు ఏముంటుంది? నున్నగా గుండ్రంగా ఉంటుంది, దురద దాదాపు ఉండదు. మంచి సాగులో ఎకరానికి 16 నుంచి 20 టన్నుల దాకా దిగుతుంది. తిరువనంతపురంలో 1963లో పెట్టిన కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ 'శ్రీపద్మ' లాంటి మంచి రకాలు తెచ్చింది. అయినా మన కొవ్వూరు గజేంద్ర ఇప్పుడు ఎన్నో రాష్ట్రాల పొలాల్లో ఉంది. ఉత్తరాదిన దీపావళి పూట తినే జిమీకంద్, బెంగాలీల ఓల్, గుజరాతీల సూరన్ అన్నీ ఈ దుంపకున్న పేర్లే. మన దగ్గర పండింది చాలావరకు లారీలెక్కి అటే పోతుంది.

ఇక్కడే ఒక తమాషా ఉంది. గజేంద్రకు పిలకలు రావు. మార్కెట్టుకు అది వరం: గీరుకోవాల్సిన బుడిపెలు లేవు, చూపుకు నదరుగా ఉంటుంది. పోలేరమ్మకు మాత్రం పిల్లల్లేని కంద పనికిరాదు! రైతుబజారులో పెద్దావిడ 'ఒంటిది వద్దు' అన్నది ఇందుకే. పూజ కోసమైనా ఊళ్లలో ఒక మూల నాటు కంద ఇంకా బతికుందంటే ఆ పట్టుదలే కారణమేమో. దురద కంద అని దాన్ని చిన్నచూపు చూస్తాం గానీ, విత్తనం కొనక్కర్లేని కంద అది.

గజేంద్ర రైతు బాధ వేరు. పిలకల్లేవు కాబట్టి విత్తనానికి తినే దుంపనే కొయ్యాలి. అరకిలో, ముప్పావు కిలో ముక్క వేస్తే మంచి నేలలో దానికి నాలుగింతలు వస్తుంది. వరికి గింజ వేస్తే వందలు వచ్చే లెక్కతో చూస్తే ఇదెంత? కంద రైతు పెట్టుబడిలో పెద్ద వాటా విత్తనానిదే. దానికి తోడు ధర ఒక ఏడు ఆకాశంలో, ఇంకో ఏడు కాళ్ల కింద. కొబ్బరి, అరటి నీడన అంతర పంటగా వేసుకునేవాళ్లే కాస్త ధైర్యంగా ఉంటారు.

> దురద సంగతి
>
> కందలో కాల్షియం ఆక్సలేట్ సూదుల కట్టలుంటాయి. కంటికి కనపడనంత సన్నవి. కోసినప్పుడు చర్మంలో, సరిగా ఉడకనిది తిన్నప్పుడు గొంతులో గుచ్చుకుంటాయి.
>
> కోసే ముందు చేతులకు నూనె రాసుకోవాలి. చేతులూ దుంపా పొడిగా ఉండాలి. తడి తగిలితే దురద పాకుతుంది.
>
> పులుపు తగలందే కంద వండరు. చింతపండో, పుల్లమజ్జిగో, చింతచిగురో పడాల్సిందే. ఉడికించిన నీళ్లు వంపేస్తే ఆక్సలేటు కొంత పోతుంది. కిడ్నీ రాళ్లున్నవాళ్లు డాక్టరును అడిగి తినడం మంచిది.
>
> తవ్వి నెలా రెండు నెలలు నిలవ ఉంచిన దుంప తక్కువ దురద అని పాతవాళ్ల మాట.
>
> ఇక 'కందకు లేని దురద కత్తిపీటకెందుకు' అన్న సామెత ఉండనే ఉంది. ఆ మాట ఎవరి పనుల్లో వేలుపెట్టినా మనకే తగులుతుంది.

బస్తాలో పెట్టుకుంటే

మిద్దెతోటల వాళ్లు కందను పెద్దగా పట్టించుకోరు. టమాటా మూడు నెలల్లో ఫొటో ఇస్తుంది. కంద ఎనిమిది తొమ్మిది నెలలు మట్టి కింద ఏం చేస్తోందో చెప్పదు. కానీ బాల్కనీకి ఇంత అనువైన దుంప ఇంకోటి లేదు. కొబ్బరితోట నీడలో పెరిగే మొక్క కాబట్టి పూట ఎండ చాలు. పాకదు, పందిరి అడగదు.

పద్దెనిమిది అంగుళాల గ్రోబ్యాగో, పాత బియ్యం బస్తానో చాలు. అడుగున నీళ్లు పోయే కన్నాలు తప్పనిసరి. మట్టి గుల్లగా ఉండాలి: ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కాస్త కొబ్బరిపొట్టు. గట్టి మట్టిలో దుంప వంకర్లు పోతుంది, నీళ్లు నిలిస్తే కుళ్లుతుంది.

కొన్న దుంపతో మొదలుపెట్టేవాళ్లు వేసవి చివర, తొలకరికి ముందు నాటాలి. దుంప నడినెత్తిన గుంటలో గులాబీరంగు మొగ్గ ఉంటుంది. ముక్కలు చేసేటప్పుడు కేకు కోసినట్టు పైనుంచి కిందికి కోసి, ప్రతి ముక్కకూ ఆ మొగ్గ చుట్టూ ఉన్న వలయం కాస్తయినా అంటుకునేలా చూడాలి. అది లేని ముక్క మట్టిలో పెట్టడం దండగ. కోసిన ముక్కల్ని పేడనీళ్లలో ముంచి నీడన ఆరబెట్టి, మొగ్గ పైకి ఉండేలా ఐదారు అంగుళాల లోతున పెట్టాలి. పైన ఎండుటాకులో, వరిగడ్డో దట్టంగా పరచాలి. మొలకకు నెలా నెలన్నర పడుతుంది. ఈ నెలన్నరలోనే చాలామంది ఓపిక చచ్చి మట్టి కెలుకుతారు. కెలకొద్దు. మొనదేలిన మొలక విరిగిందా, మళ్లీ మొదటికొస్తుంది.

పోలాల అమావాస్య పిలకతో మొదలుపెట్టేవాళ్లకు ఒక ముందుమాట. పెకిలించి తెచ్చిన మొక్క కదా, ఆకు రెండు మూడు రోజుల్లో వేలాడిపోతుంది. మాదీ అంతే. మొక్క చచ్చిందని నేను ఆ బస్తాలో కొత్తిమీర చల్లేశాను కూడా. దుంప గట్టిగా ఉన్నంతవరకూ ప్రాణం ఉన్నట్టే. ఈ ఏడు లేవకపోతే వచ్చే తొలకరికి లేస్తుంది.

వర్షాకాలంలో దీని శత్రువు పురుగు కాదు, బూజు. కాడ మొదట్లో తెల్లని దారాల్లాంటి బూజు పట్టి, చిన్న చిన్న ఆవగింజల్లాంటి గుళ్లు ఏర్పడి, కాడ ఒక్కసారిగా ఒరిగిపోతుంది. దీన్ని మొదలు కుళ్లు అంటారు. నీరు నిలవకుండా చూడటమే సగం మందు. నాటేటప్పుడు ఎరువులో ట్రైకోడెర్మా పొడి కలిపితే మరింత మంచిది. రెండో నెలలో, మూడో నెలలో కాస్త ఎరువు, గుప్పెడు కట్టెల బూడిద వేసి మట్టి ఎగదోయాలి. అంతకుమించి కందకు సేవ అక్కర్లేదు.

"ఎలుక చచ్చినట్టుంది..."

నిజాంపేటలో మా స్నేహితుడి ఇంట్లో ఒక మే నెలలో పెద్ద గోలైంది. వంటింట్లో కుళ్లు కంపు. ఫ్రిజ్ జరిపారు, సింకు కింద వెతికారు, కింది ఫ్లాటు వాళ్లనూ అడిగారు. రెండో రోజు గట్టు కింద కూరగాయల బుట్ట లాగితే, సంక్రాంతికి ఊరి నుంచి తెచ్చి మరిచిపోయిన కంద! మట్టి లేదు, నీళ్లు లేవు. నెత్తిన మాత్రం కాబేజీ అంత ముదురు ఊదారంగు పువ్వు విచ్చుకుని ఉంది, దాని మీద ఈగలు ముసురుతున్నాయి.

కంద బాగా బరువెక్కితే ఆకు కంటే ముందు పువ్వు వేస్తుంది. ఆ కంపు ఈగల్నీ పెంకు పురుగుల్నీ పిలవడానికి. కుళ్లు మాంసమనుకుని అవి వచ్చి పుప్పొడి మోసుకుపోతాయి. ఏటా వేసవిలో 'పెరట్లో వింత పుష్పం, తరలివస్తున్న జనం' అని మన పేపర్ల జిల్లా పేజీల్లో వచ్చే వార్తల్లో కొన్ని ఈ కంద పువ్వువే. మనల్ని చూసి నవ్వేవాళ్లు లండన్ సంగతి కూడా వినాలి. కంద కుటుంబంలోనే అన్నింటికంటే పెద్ద పువ్వు పూసే సుమత్రా మొక్కను 1878లో ఇటలీ వృక్షశాస్త్రవేత్త ఒడొఆర్డో బెక్కారీ లోకానికి పరిచయం చేశాడు. అది క్యూ గార్డెన్స్‌లో 1889లో తొలిసారి, 1926లో మళ్లీ పూసింది. రెండోసారి జనాన్ని అదుపు చేయడానికి పోలీసుల్ని పిలవాల్సి వచ్చింది. కంపు పువ్వుకు క్యూ కట్టడంలో మనమేం ప్రత్యేకం కాదు.

> యూరప్ వాళ్ల 'కంద'
>
> ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న మా మేనకోడలు సూపర్ మార్కెట్టులో బుడిపెలు, పిచ్చివేళ్లు, మట్టి ఉన్న దుంపను చూసి కంద అనుకుని తెచ్చి పులుసు పెట్టింది. ఇల్లంతా సెలెరీ వాసన! అది సెలెరియాక్. సెలెరీ మొక్కలోనే దుంప కోసం పెంచే రకం. కందకు చుట్టరికం లేదు, కొత్తిమీరకూ క్యారెట్‌కూ ఉంది.
>
> పెరటిసాగులో మాత్రం పోలికలున్నాయి. ఇదీ ఓపిక పంటే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇంటి లోపల ఇసుకంత సన్నని విత్తనాలు చల్లుతారు. మొలకెత్తడానికి వెలుతురు కావాలి కాబట్టి పైన మట్టి కప్పరు. చలి వెళ్లాక బయట నాటితే అక్టోబరు నుంచి దుంప చేతికొస్తుంది. కంద నీళ్లు నిలిస్తే చస్తుంది. ఇది నీళ్లు తగ్గితే అలుగుతుంది, వేసవంతా నేల తడి ఆరకూడదు. దుంప ఊరుతున్నప్పుడు కింది ఆకులు తుంచేసి నెత్తి బయట పెడతారు. చలికాలంలో గడ్డి కప్పి మట్టిలోనే ఉంచి, కావలసినప్పుడు తవ్వుకుంటారు.
>
> ఫ్రాన్సులో పచ్చిదాన్నే సన్నగా తురిమి ఆవాల ఘాటున్న సాసులో కలుపుతారు. కందా బచ్చలిలో మనం ఆవ పెట్టడం గుర్తొస్తుంది. దురద లేదు గానీ సెలెరీ పడనివాళ్లు ఉంటారు. ఐరోపా సమాఖ్యలో ఆహార ప్యాకెట్ల మీద తప్పక రాయాల్సిన 14 అలర్జీ పదార్థాల్లో ఇదొకటి.

తవ్వే రోజు

మొదటి ఏడు నేను తవ్వలేదు. వేలితో మట్టి పక్కకు తోసి చూస్తే ఇంకా ఉసిరికాయంతే ఉంది, గట్టిగానే ఉంది. మళ్లీ మూసేశాను. పాత రోజుల పెరళ్లలో కందను రెండు మూడేళ్లు అలాగే వదిలేసేవారు. వేసవిలో కొత్తిమీర ఎండిపోయాక, ఒక పొద్దున్న ఆ మట్టిలోంచి ఈటెలాంటి మొలక లేచింది. శ్రావణానికి మా బాల్కనీ రెయిలింగు దాటింది.

ఎప్పుడు తవ్వాలో కందే చెబుతుంది. చలికాలంలో ఆకు పసుపు తిరిగి, కాడ మెత్తబడి, ఒక రోజు వాలిపోతుంది. అప్పుడు నీళ్లు ఆపేయాలి. రెండు వారాలాగి తవ్వుకోవచ్చు. పొలంలో పలుగు దెబ్బ తగిలిన దుంప నిలవకు పనికిరాదు, అమ్మకానికీ చులకనే. బస్తాలో ఆ బాధ లేదు, ఒరిగిస్తే చాలు. మట్టి దులిపి, కడక్కుండా, నాలుగు రోజులు నీడన ఆరబెడితే నెలల తరబడి ఉంటుంది.

మొన్న జనవరిలో అమ్మ ఉన్నప్పుడే బస్తా ఒరిగించాను. పేపరు పరిచి కూచున్నాం, ఏదో పురుడు పోస్తున్నట్టు. దుంప బయటికొచ్చింది. అడుగున పాతదాని ఎండిన పెంకు ఉంది, చుట్టూ ఆరు పిలకలు. కిరాణా కొట్లో తూయిస్తే ముప్పావు కిలో.

"రెండేళ్లకి ముప్పావు కిలోనా!" అన్నాను.

"ఏం, నువ్వు రెండేళ్లకి ఎంతున్నావనుకున్నావు?" అంది అమ్మ.

కందా బచ్చలి చేసింది. పెళ్లిళ్లలో కంద ఈ రూపంలోనే ఎక్కువ కనిపిస్తుంది. కంద వేడి, బచ్చలి చలవ, అందుకే రెంటినీ కలుపుతారని అమ్మ శాస్త్రం. ముక్కలూ బచ్చలాకూ పసుపు వేసి మెత్తగా ఉడికించి, నీళ్లు వంపి, చింతపండు గుజ్జు పోసింది. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరప, ఇంగువ పోపు వేసింది. పొయ్యి ఆపి చల్లారాకే ఆవ ముద్ద కలిపింది. వేడి మీద కలిపితే చేదెక్కుతుందట. ఆలూ, క్యారెట్ అడుగుపెట్టని తద్దినం వంటలోనూ కందకు చోటుంది. కాబట్టి మా ఇంట్లో తాతల్నించి పిల్లల దాకా అందరూ ఎరిగిన కూర ఇది. నలుగురికి ఒక్కపూటకు సరిగ్గా సరిపోయింది.

పిలకల్ని అమ్మ బూడిదలో దొర్లించి పాత బిందెలో వేసి అటక మీద పెట్టించింది. మే చివర వాటిని ఆరు చిన్న కుండీల్లో పెట్టాను. ఐదు మొలిచాయి. ఆ సంగతి మా పక్కింటావిడ అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టారు. నిన్న పొద్దున్న ఏడు కాకముందే తలుపు కొట్టిన చప్పుడైంది. మూడో అంతస్తులో కొత్తగా చేరిన వాళ్ల అమ్మాయి, చేతిలో స్టీలు పళ్లెం.

"అన్నయ్యగారూ, అమావాస్యకి కంద మొక్క ఒకటి కావాలి. పిలకలున్నది ఇస్తారా? ఒంటిదైతే వద్దందండి మా అత్తయ్య."